కరెంటు తిరిగొచ్చిన క్షణం

ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1979లో పని మొదలుపెట్టింది. ఆ ఊరి దగ్గర నుంచే 30వ నంబరు జాతీయ రహదారి మైలవరం మీదుగా తిరువూరు చేరి, అక్కడి నుంచి కొత్తగూడెం, భద్రాచలం వైపు సాగిపోతుంది. ఈ దారి పొడవునా ఏ ఊళ్లో ఆగినా కోత రంపం చప్పుడో, గ్రైండర్ చప్పుడో వినపడుతుంది. తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి షెడ్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులు, ట్రాక్టర్ భాగాలు తిప్పే లేత్‌లు, పిండిమరలు, ఇలా ప్రతిచోటా ఒక మోటారు ఉంటుంది. ఆ మోటారుకీ కరెంటుకీ నడుమ గోడకో, మిషను కాలికో బిగించిన చిన్న పెట్టె ఒకటి ఉంటుంది. ఈ పూట నేను మాట్లాడేది ఆ పెట్టె గురించి. దాన్ని కొనేటప్పుడు మనం రెండు ప్రశ్నలు అడుగుతాం: మోటారు ఎన్ని హెచ్‌పీ, స్విచ్ ధర ఎంత. ఈ రెండింటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉంది. కరెంటు పోయి తిరిగొచ్చినప్పుడు ఈ స్విచ్ ఏం చేస్తుంది? వర్క్‌షాపు మిషనుకు స్టార్టర్ ఎంచుకోవడం ఈ ప్రశ్నతోనే మొదలవ్వాలని నా వాదన.

ఎందుకో చూద్దాం. మే నెల సాయంత్రం, గాలిదుమారం లేచింది. వడ్రంగి షెడ్డులో రంపం బల్ల మీద టేకు పలక సగం కోతలో ఉండగా కరెంటు పోయింది. బిళ్ల ఆగిపోయింది, పలక దాంట్లో ఇరుక్కుంది. పనివాడు ఇప్పుడు ఏం చేస్తాడు? పలకను వెనక్కి లాగుతాడు, రాకపోతే బిళ్ల పక్కన చెయ్యి పెట్టి కదిలిస్తాడు. మనిషన్నవాడెవడైనా చేసే పనే అది. మిషను నిశ్శబ్దంగా ఉంది కాబట్టి చచ్చిన మిషనే అనుకుంటాడు. గోడ మీది స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. చెట్టుకొమ్మ తీగకు తగిలి ఫీడర్ ట్రిప్ అయినప్పుడు సబ్‌స్టేషన్‌లో లైను కొద్ది సెకన్లలోనే మళ్లీ కలవొచ్చు, గంట తర్వాతైనా కలవొచ్చు. గంట తర్వాత కలిస్తే పనివాడు అప్పటికి టీకి వెళ్లి ఉంటాడు. కొద్ది సెకన్లలో కలిస్తే అతని వేళ్లు బిళ్ల దగ్గరే ఉంటాయి. ఖాళీగా ఉన్న రంపం మోటారు పూర్తి వేగం అందుకోవడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. నిమిషానికి 2,900 చుట్లు తిరిగే 250 మిల్లీమీటర్ల బిళ్ల అంచు గంటకు 130 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పోతుంది. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

ఈ ప్రమాదాన్ని ఆపే ఉపాయం కొత్తది కాదు, ఖరీదైనదీ కాదు. డీఓఎల్ స్టార్టర్ అని మనవాళ్లంతా పిలిచే పెట్టెలో అది ఎప్పటినుంచో ఉంది. పచ్చ బటన్, ఎర్ర బటన్ ఉంటాయే, అదే. లోపల కాంటాక్టర్ అనే విద్యుదయస్కాంతపు స్విచ్ ఉంటుంది. పచ్చ బటన్ నొక్కినప్పుడు కాయిల్‌కు కరెంటు అంది, అయస్కాంతం లాగి, మూడు ఫేజులూ మోటారుకు కలుస్తాయి. మరి వేలు తీశాక మోటారు ఎందుకు ఆగదు? కాంటాక్టర్ లాక్కున్నప్పుడే దాని పక్కనున్న చిన్న కాంటాక్టు ఒకటి కూడా మూసుకుని, పచ్చ బటన్ చేసిన పని తాను చేస్తూ కాయిల్‌కు కరెంటు అందిస్తూ ఉంటుంది. దీన్ని హోల్డింగ్ అంటారు. తనను పట్టుకుని ఉండటానికి కాంటాక్టర్‌కు కరెంటే ఆధారం. కరెంటు పోగానే స్ప్రింగు దాన్ని విడదీస్తుంది, హోల్డింగ్ తెగిపోతుంది. తిరిగి కరెంటొచ్చినా కాయిల్‌కు దారి లేదు. ఎవరో ఒకరు వచ్చి పచ్చ బటన్ నొక్కితేనే మళ్లీ దారి. దీనికే నో వోల్ట్ రిలీజ్ అని పేరు. ఇందులో ఎలక్ట్రానిక్స్ లేదు, కార్డు లేదు, బ్యాటరీ లేదు. మామూలు హ్యాండిల్ స్విచ్‌కు కరెంటు పోయిన సంగతి తెలియదు, కాంటాక్టర్‌కు తెలుస్తుంది. ఇంట్లో లైటుకు ఆ తేడా అక్కర్లేదు. రంపానికి ఆ తేడాయే ప్రాణం.

మరి ఇంత తేలికైన సంగతి మన వైపు వర్క్‌షాపుల్లో ఎందుకు పాటించరు? ఒక కారణం మన పొలాల్లోనే ఉందని నా అభిప్రాయం. తిరువూరు, విస్సన్నపేట ప్రాంతంలో మామిడి తోటలకు, పైర్లకు నీరు పెట్టేది బోరు మోటార్లే. వ్యవసాయానికి కరెంటు రోజులో కొన్ని గంటలే, వేళలు మారుతూ వచ్చిన కాలంలో, అర్ధరాత్రి కరెంటొస్తే లేచి పొలానికి పరిగెత్తలేక రైతు ఆటో స్టార్టర్ పెట్టించుకున్నాడు. అది లేనివాళ్లు పచ్చ బటన్ లోపలికి నొక్కి పుల్ల దోపి ఉంచారు. అక్కడ అది అవసరం నేర్పిన తెలివి. నీళ్లలో మునిగిన మోటారు తనంతట తాను తిరిగినా దాని దగ్గర ఎవరి చెయ్యీ ఉండదు. అయినా ఆ అలవాటు వల్ల నష్టం లేకపోలేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులను కోరింది. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటారు ఆపకుండా తిరుగుతుంది, భూగర్భ జలం వట్టిపోతుంది. తిరువూరు నుంచి తెలంగాణ సరిహద్దు ఎంతో దూరం లేదు. ఇబ్బందల్లా ఎక్కడంటే, పొలంలో మోటారు బిగించే మెకానిక్కే ఊళ్లో రంపం మోటారూ బిగిస్తాడు. కరెంటు రాగానే దానంతటదే తిరగాలన్న పొలం లెక్క అతని చేతిలో ఉండిపోయి, షెడ్డులోకి కూడా వచ్చేస్తుంది. బోరు మోటారు స్టార్టర్ నుంచి మనం ఆశించేదీ, రంపం స్టార్టర్ నుంచి ఆశించాల్సిందీ పూర్తిగా వ్యతిరేక గుణాలు. అంగట్లో రెండూ ఒకే అరలో ఉంటాయి, పైకి ఒకేలా కనిపిస్తాయి కూడా.

మోటారు ఇంటింటికీ రాకముందే ఈ ప్రమాదాన్ని గుర్తించిన వాళ్లున్నారు. ఒకే ఇంజను, దాని మీద పొడవాటి షాఫ్టు, దాని నుంచి ఒక్కో మిషనుకు ఒక్కో బెల్టు ఉన్న కాలం అది. పాత మిల్లులు చూసినవాళ్లకు లూజ్ పుల్లీ గుర్తుండే ఉంటుంది. మిషను ఆపాలంటే బెల్టును పనిచేసే పుల్లీ మీంచి పక్కనున్న లూజ్ పుల్లీ మీదికి జరిపేవారు. ఆ బెల్టు అదురుకు మెల్లగా పాకుతూ తిరిగి పాత పుల్లీ మీదికి వస్తే, ఆగిన మిషను ఎవరూ ముట్టుకోకుండానే కదిలేది. 1948 ఫ్యాక్టరీల చట్టం 24వ సెక్షన్ సరిగ్గా దీన్నే పట్టుకుంది: బెల్టు వెనక్కి పాకి రాకుండా ఆపే అమరిక ఉండాలి, ప్రతి పనిగదిలోనూ అత్యవసరంగా పవర్ ఆపే సాధనం ఉండాలి అంది. 1976 సవరణలో ఇంకో మాట చేర్చారు. ఆఫ్‌లో ఉన్న సాధనం పొరపాటున ఆన్‌లోకి జారే వీలుంటే, దాన్ని ఆఫ్‌లోనే తాళం వేసి ఉంచే ఏర్పాటు ఉండాలి. పాకే బెల్టుకూ, ఆన్‌లో మిగిలిపోయిన స్విచ్‌కూ తేడా లేదు. మనిషి ఆజ్ఞ లేకుండా మిషను కదలడమే రెండింటిలోనూ జరిగేది. ఆ చట్టం పవర్ వాడుతూ పదిమంది, ఆపైన పనిచేసే చోట్లను ఉద్దేశించి రాసింది. ఇద్దరు ముగ్గురు పనిచేసే మన షెడ్లు దాని లెక్కలోకి రాలేదు. లెక్కలోకి రానంత మాత్రాన అక్కడి వేళ్లకు రంపం పదును తగ్గదు కదా. తనిఖీకి ఎవరూ రాని చోట ఆ పని స్టార్టరే చేయాలి.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం తెలిసిందే. మావాళ్లు జాగ్రత్తగా ఉంటారు, కరెంటు పోగానే స్విచ్ ఆఫ్ చేస్తారు అంటారు. అనుభవమున్న మేస్త్రి ఆ పని చేస్తాడని నేనూ ఒప్పుకుంటాను. కాకపోతే కరెంటు పోయిన క్షణంలో షెడ్డులో దీపం కూడా పోతుంది. చేతిలో బరువైన పలక ఉంటుంది. స్విచ్ గోడ మీద నాలుగడుగుల అవతల ఉంటుంది. పక్కన పని నేర్చుకుంటున్న కుర్రవాడుంటాడు, అతనికి ఆ అలవాటు ఇంకా పట్టుబడి ఉండదు. రోజుకు మూడుసార్లు కరెంటు పోతే మూడుసార్లూ గుర్తుంచుకోవాలి, ఏడాదంతా గుర్తుంచుకోవాలి. కాంటాక్టర్‌కు ఆ భారం లేదు. ఇంకో లెక్క కూడా చూడండి. ఇండక్షన్ మోటారు బయల్దేరేటప్పుడు మామూలు కరెంటుకు ఐదు నుంచి ఏడు రెట్లు లాగుతుంది. మూడు హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు తిరుగుతున్నప్పుడు సుమారు ఐదు ఆంపియర్లు తీసుకుంటే, బయల్దేరేటప్పుడు ముప్ఫై దాకా తీసుకుంటుంది. అలాంటివి ఐదు ఒకే షెడ్డులో ఆన్‌లో మిగిలిపోయి, కరెంటు రాగానే ఒక్కసారి బయల్దేరితే నూట యాభై ఆంపియర్ల తాకిడి. ఫ్యూజు ఎగిరిపోతుంది, లేదా వోల్టేజీ పడిపోయి ఏ మోటారూ వేగం అందుకోలేక అన్నీ వేడెక్కుతాయి. ఒక్కొక్కదాన్నీ మనిషి నొక్కి మొదలుపెట్టడం వల్ల పోయేది అర నిమిషం. దాన్ని నష్టమంటే నేను ఒప్పుకోను.

రెండో అభ్యంతరం కొంచెం చదువుకున్నది. ఎంసీబీ పెట్టించాం, ఇంక స్టార్టర్ ఎందుకు అంటారు. ఎంసీబీ కాపాడేది తీగను. కరెంటు పోయినప్పుడు అది పడదు, ఆన్‌లోనే ఉంటుంది. కాబట్టి మన అసలు ప్రశ్నకు అది జవాబు కాదు. మోటారునైనా కాపాడుతుందా? స్టార్టింగ్ కరెంటుకు పడిపోకుండా ఉండాలని మూడు హెచ్‌పీ మోటారుకు పది, పదహారు ఆంపియర్ల ఎంసీబీ వేస్తారు. మొద్దుబారిన బిళ్లతో ముడి ఉన్న కర్ర కోస్తూ మోటారు ఐదుకు బదులు ఏడున్నర ఆంపియర్లు లాగుతూ గంటసేపు ఉడికిపోయినా ఆ ఎంసీబీకి చలనం ఉండదు. డీఓఎల్ స్టార్టర్‌లో కాంటాక్టర్ కింద ఉండే ఓవర్‌లోడ్ రిలే ఉన్నది దీనికే. దాని లోపలి బైమెటల్ పట్టీలు మోటారుతో పాటే వేడెక్కి, వంగి, కాయిల్ దారి తెంచుతాయి. మన వైపు తరచూ జరిగే ఇంకో నష్టం రెండు ఫేజులే మిగలడం. లైను మీద ఒక ఫ్యూజు పోతే, తిరుగుతున్న మోటారు ఆగదు. మూలుగుతూ తిరుగుతూనే, మిగిలిన ఫేజుల్లో సుమారు 1.7 రెట్లు కరెంటు లాగుతుంది. కాయిల్ కలిపిన రెండు ఫేజుల్లో ఒకటి పోతే కాంటాక్టర్ తానే విడిపోవచ్చు. మూడోది పోతే విడిపోదు. అప్పుడు ఓవర్‌లోడ్ రిలేయే దిక్కు. అందుకే ఒక ఫేజు పోయిన సంగతి పసిగట్టే రకం రిలేను అడిగి తీసుకోవాలి. మోటారు బ్రేకర్ అని పచ్చ, ఎర్ర మీటలతో ఇప్పుడు దొరికే చిన్న సాధనం మోటారును బాగానే కాపాడుతుంది. చూడటానికి స్టార్టర్‌లాగే ఉన్నా, అండర్ వోల్టేజ్ రిలీజ్ అనే భాగం విడిగా కొని బిగిస్తే తప్ప అది కూడా కరెంటు రాగానే మోటారును తిప్పేస్తుంది. కొట్టువాడు ఈ మాట చెప్పకపోవచ్చు, మనమే అడగాలి.

స్టార్టర్ మాటిమాటికీ పడిపోతోంది, పని సాగడం లేదు అనే ఫిర్యాదు మాత్రం కొట్టిపారేయదగ్గది కాదు. అలా విసిగిపోయినవాళ్లు రిలే డయల్‌ను చివరికంటా తిప్పేస్తారు, లేదా రిలేను దాటించి తీగ కలిపేస్తారు. ఎందుకు పడిపోతోందో ముందు చూడాలి. మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లెంతో డయల్ అక్కడ ఉండాలి. ఆ అంకె రిలే పరిధికి ఇంచుమించు నడుమ పడేలా రిలే కొనాలి. డయల్ సరిగ్గా ఉండీ పడుతోందంటే బిళ్ల మొద్దుబారిందేమో, బేరింగ్ పట్టేసిందేమో, వోల్టేజీ తగ్గిందేమో. మోటారు తిప్పుడు బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజీ ఐదోవంతు తగ్గితే బలం మూడోవంతు పైగా తగ్గిపోతుంది. అదే బరువు లాగడానికి మోటారు ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. సాయంత్రాలు కాంటాక్టర్ గరగరలాడటం కూడా కాయిల్‌కు చాలినంత వోల్టేజీ అందడం లేదన్న కబురే; కాయిల్‌కు రాసి ఉన్న వోల్టేజీలో 85 శాతం అందితేనే అది గట్టిగా లాగుతుంది. సా మిల్లులో పెద్ద చక్రాల బ్యాండ్ రంపం సంగతి వేరు. ఆ చక్రాలు వేగం అందుకోవడానికి చాలా సెకన్లు పడుతుంది, మామూలు రిలే ఆలోపే పడిపోతుంది. దానికి ఎక్కువసేపు ఓర్చుకునే తరగతి రిలే కావాలి. డయల్ తిప్పేయడం దానికి మందు కాదు.

లేత్ నడిపేవారి ఇబ్బంది ఇంకొకటి. మర కోయాలంటే ముందుకూ వెనక్కూ తిప్పాలి, కాబట్టి వాళ్లకు డ్రమ్ స్విచ్ కావాలి, బటన్లతో పని కాదంటారు. ఆ మాట నిజమే, డ్రమ్ స్విచ్ తీసేయమని ఎవరూ అనక్కర్లేదు. స్టార్టర్ ముందు, దాని తర్వాత డ్రమ్ స్విచ్, ఆ తర్వాత మోటారు అనే వరుసలో కలిపితే సరిపోతుంది. దిశ డ్రమ్ స్విచ్ చూసుకుంటుంది, కరెంటు పోతే స్టార్టర్ విడిపోతుంది. చక్‌లో తాళంచెవి మరిచిపోయి ఉండగా కరెంటు రాగానే తిరిగే లేత్ ఎంత ప్రమాదమో లేత్ పనివారికి నేను చెప్పనక్కర్లేదు.

అన్ని మోటార్లకూ ఇదే వర్తిస్తుందా అంటే, వర్తించదు. ఎయిర్ కంప్రెసర్ ప్రెషర్ తగ్గినప్పుడు తనంతట తానే మొదలవ్వాలి; దాని బెల్టుకు నిండుగా జాలీ ఉన్నంతవరకు అలా మొదలవడంలో తప్పులేదు. దుమ్ము లాగే ఫ్యాను కూడా అంతే. చెయ్యి చేరలేని చోట తిరిగేదానికి ఆటో పనికొస్తుంది, చెయ్యి చేరే చోట తిరిగేదానికి పనికిరాదు. ఓవర్‌లోడ్ రిలే మీద చేతితో రీసెట్ చేయాలా, దానంతటదే రీసెట్ అవ్వాలా అని ఎంచుకునే చిన్న మీట ఉంటుంది. కాలి స్విచ్‌తోనో, నిలిచి ఉండే స్విచ్‌తోనో నడిచే మిషనుకు ఆ మీట ఆటోలో ఉంటే, రిలే చల్లారగానే మిషను తిరుగుతుంది. దాన్ని చేతి రీసెట్‌లోనే ఉంచాలి. ఈమధ్య వేగం మార్చుకోవడానికి డ్రైవులు పెట్టిస్తున్నారు. వాటిలోనూ కరెంటు వచ్చాక మళ్లీ తిరగాలా వద్దా అనే సెట్టింగు ఉంటుంది, బిగించినవాడి చేతే దాన్ని వద్దు అని పెట్టించాలి. స్టార్ డెల్టా స్టార్టర్ పెద్ద మోటార్ల మాట. అది బయల్దేరే కరెంటును మూడోవంతుకు తగ్గిస్తుంది, బలాన్ని కూడా మూడోవంతుకు తగ్గిస్తుంది. మూడు, ఐదు హెచ్‌పీ మిషన్లకు డీఓఎల్ చాలు.

కొనేటప్పుడు కాంటాక్టర్ మీద ఏసీ-3 అని రాసి ఉన్న ఆంపియర్లు చూడండి. అది మోటారుకు చెందిన అంకె. పక్కనే ఏసీ-1 అని ఇంకా పెద్ద అంకె ఉంటుంది, అది హీటర్ల లాంటివాటికి. ఆ పెద్ద అంకె చూసి చిన్న కాంటాక్టర్ కొంటే దాని కాంటాక్టులు అతుక్కుపోతాయి, అప్పుడు ఎర్ర బటన్ నొక్కినా మోటారు ఆగదు. కాయిల్ 230 వోల్టులదా, 415 వోల్టులదా అని కూడా చూడండి. సింగిల్ ఫేజ్ రంపాలకూ, డ్రిల్లింగ్ మిషన్లకూ నో వోల్ట్ రిలీజ్ స్విచ్‌లు చిన్నవి దొరుకుతాయి. ఎర్ర బటన్ పెద్దదిగా, పైకి తేలి, నిలబడ్డ చోటి నుంచి మోకాలికో అరచేతికో అందేలా ఉండాలి. పచ్చ బటన్ లోపలికి అణిగి, మోచెయ్యి తగిలినా పడకుండా ఉండాలి. త్రీఫేజ్ మోటారు ఒంటికి రెండు వేరువేరు ఎర్తులు 1956 విద్యుత్ నియమాల నాటినుంచీ ఉన్న విధి. డబ్బు విషయానికొస్తే, మోటారు ఒకసారి కాలిపోతే వైండింగ్‌కు పెట్టే ఖర్చుతో పోల్చదగిన ధరకే ఇదంతా వస్తుంది. గోడ మీది పాత స్విచ్ పారేయకండి. దాన్ని మెయిన్‌గా ఉంచుకుని, బిళ్ల మార్చేటప్పుడూ ఇరుక్కున్న చెక్క తీసేటప్పుడూ ఆఫ్ చేయండి. స్టార్టర్ పడిపోయి ఉంది కదా అని ఆ పని మానకూడదు.

మీ షెడ్డులో ఇప్పుడున్న స్విచ్ ఏ రకమో తెలుసుకోవడానికి పెట్టె విప్పక్కర్లేదు. బల్ల మీద చెక్క ఏదీ లేకుండా చూసి, అందరినీ దూరంగా నిలబెట్టి, మిషను ఖాళీగా తిప్పండి. గోడ దగ్గర మెయిన్ ఆఫ్ చేయండి. బిళ్ల పూర్తిగా ఆగాక, మిషను స్విచ్‌ను ముట్టుకోకుండా మెయిన్ మళ్లీ వేయండి. ఒక్కో మిషనుకూ విడివిడిగా చేసి చూడండి. చెయ్యి చేరే చోట దానంతటదే తిరిగిన ప్రతి మిషనుకూ రేపు పని మొదలుపెట్టే ముందే స్టార్టర్ మార్చాలి.